పొటాషియం క్లోరేటుకు కొసరు

రసాయన సమీకరణాలను తుల్యం చేయడం నాకు ఇష్టమైన పని అంటే నవ్వేవాళ్ళే ఎక్కువ. నవ్వితే నవ్వనీ. మదనపల్లెలో డిగ్రీ చదివే రోజుల్లో మా క్లాసు అమ్మాయిలు సాయంత్రం పూట గుంపుగా కూర్చుని సినిమా కథలు చెప్పుకునేవాళ్ళు. నేను ఓ మూల కూర్చుని నోట్సు వెనక పేజీల్లో సమీకరణాలు వేసుకునేదాన్ని. ఆ పనికి పక్కన ఇంకో మనిషి అక్కర్లేదు. బాణం గుర్తుకు ఎడమవైపు ఎన్ని పరమాణువులు ఉన్నాయో కుడివైపూ అన్నే ఉండాలి, అంతే. ఎవరినీ బతిమాలే పని లేదు. ఎవరి ముఖం ఎలా ఉందో కనిపెట్టి మసలుకునే పని అసలే లేదు.

అందులోనూ వియోగ చర్యలంటే నాకు మరీ ఇష్టం. ఒకే పదార్థం వేడికో వెలుతురుకో విడిపోయి రెండు మూడుగా బయటికి వస్తుంది. వచ్చినవాటిని లెక్క తేల్చాలి. వియోగం అన్న మాట మీద కవిత్వం చెప్పే ఉద్దేశం నాకు లేదు. పుస్తకం ఆ పేరు పెట్టింది, నేను పెట్టలేదు.

నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ డిగ్రీ మధ్యలో పోయింది. తర్వాత మదనపల్లెలోనే అన్నావదినల దగ్గర ఉన్నాను. అన్న టమాటా మండీలో గుమాస్తా. వదిన చెడ్డది కాదు, ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. కాకపోతే నేను వంటింట్లోకి వెళ్తే పక్కకు తప్పుకునేది. నేను చదువుకుంటుంటే టీవీ కట్టేసి పిల్లల్ని గదమాయించేది. ఇంటికి వచ్చిన చుట్టాన్ని ఎలా చూసుకోవాలో అలా చూసుకునేది. చుట్టమన్నాక ఎప్పుడో ఒకప్పుడు బయలుదేరాలి కదా. బీఈడీ అయిపోగానే పుంగనూరులో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు ఉద్యోగం దొరికింది. వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే నా పెట్టె సర్దింది. చాలా బాగా సర్దింది, ఒక్క వస్తువు కూడా మరిచిపోలేదు.

పుంగనూరులో నేను అద్దెకు తీసుకున్నది ఒక ఇంటి వెనక గది. ఆ ఇంటి ముందు అరుగు మీద ఒకామె కూరగాయలు పరుచుకుని అమ్మేది. ఇంటాయనకు అక్క, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. ఆమెను పెద్దపంజాణి మండలంలో ఒక పల్లెకు ఇచ్చారు. మొగుడు జబ్బు చేసి పోయాడు, పిల్లలు లేరు, అప్పటి నుంచి తమ్ముడి ఇంట్లో ఉంటోంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. మొదట తెలిసింది ఆమె నోరు.

"ఒగ వంకాయ, రెండు టమాటాలా? ఏం మే, బొమ్మల పెళ్ళికి వండతాండావా?" అనింది మొదటి రోజే.

నాకు ఒళ్ళు మండింది. "ఒక్కదానికి అంతకంటే ఎందుకు?" అన్నాను.

ఆమె తూచినవి నా సంచిలో వేసి, పైన గుప్పెడు కొత్తిమీర, రెండు పచ్చిమిరపకాయలు, ఇంకో చిన్న టమాటా పడేసింది. నేను అడగలేదని అన్నాను. "అడిగితే ఏసేది కొసరు కాదు మే. కొసరెయ్యకుండా ఇచ్చేది మా ఇంటావంటా లేదు" అని, తర్వాతి బేరం వైపు తిరిగింది.

స్కూల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయేది. గదికి వచ్చాక ఆ గొంతుతో ఏం పనీ ఉండేది కాదు. ఆదివారాలు మరీ ఘోరం. శనివారం సాయంత్రం బడి గంట కొట్టాక సోమవారం దాకా నాతో మాట్లాడే దిక్కు లేదు. బట్టలుతికి, ఆరేసి, ఆరినవి మడిచిపెట్టి, ఇంకా పొద్దు గూకలేదేమిటని విసుక్కునేదాన్ని. అందుకని ఇంట్లో కూరగాయలు ఉన్నా రోజూ అరుగు దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆమె నన్ను ఏదో ఒకటి అనేది, నేను ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని. అలా ఒకరినొకరు అనుకుంటూ అనుకుంటూ ఆమె నాకు అక్క అయింది. ఒసేయ్ అన్నట్టుండే ఆ మే అనే పిలుపుకి నాకు కోపం రావడం మానేసింది.

ఒక సాయంత్రం బేరాలు లేని వేళ అక్క ఉన్నట్టుండి అడిగింది. "నువ్వు సైన్సు టీచరంట గదా. నాకు సైన్సు సెప్తావా?"

ఎగతాళి అనుకున్నాను. కాదు. పదో తరగతిలో ఆమె అన్నీ పాసై సైన్సు ఒక్కటి పోగొట్టుకుంది. ఆ ఎండాకాలమే పెళ్ళి కుదిరింది, మళ్ళీ కట్టలేదు. ఇప్పుడు ఆమె అత్తగారి పల్లెలో అంగన్‌వాడీ కేంద్రం పెడతారట. ఆ ఊరి కోడలై, పది పాసైన మనిషి కావాలట. ఊళ్ళో అలాంటి ఆడమనిషి ఇంకెవరూ లేరు. మొగుడు కట్టిన ఒంటి గది ఇల్లు అక్కడ తాళం వేసి ఉంది.

"పాసైతే నా ఇంట్లో నేనుంటా. లేకుంటే ఈ అరుగే నాకు గతి" అనింది అక్క. "ఈడ తిండికేం లోటు లేదు మే. తమ్ముడు మంచోడే, మరదలూ మంచిదే. కానీ రోజూ పొద్దున లేస్తానే, నేను ఈడ యాల ఉండాను అనిపిస్తాది."

ఎందుకు ఉన్నానన్న ఆ ప్రశ్న అన్న ఇంట్లో నేనూ వేసుకున్నదే. ఆమె విడమరిచి చెప్పనవసరం లేకుండానే నాకు అర్థమైంది. రేపటి నుంచి మొదలుపెడదాం అన్నాను.

రోజూ బడి వదిలాక అరుగు మీదే పాఠం. జీవశాస్త్రం అక్క బట్టీ కొట్టేసింది. భౌతికశాస్త్రం కుంటుకుంటూ నడిచింది. రసాయనశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. సంకేతాలు వచ్చాయి, ఫార్ములాలు వచ్చాయి, తుల్యం చేయడం మాత్రం రాలేదు. పరీక్షలో సమీకరణాలకే చాలా మార్కులు. పాత పేపర్లు తిరగేస్తే వియోగ చర్య లేని పేపరు ఒక్కటీ కనపడలేదు. అది పోతే అక్క మళ్ళీ పోతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మొదట పొటాషియం క్లోరేట్ ఇచ్చాను. దాన్ని వేడి చేస్తే పొటాషియం క్లోరైడ్, ఆక్సిజన్ వస్తాయి. KClO₃ → KCl + O₂ అని రాసి, లెక్క సరిచేయమన్నాను. అక్క వేలు పెట్టి లెక్కపెట్టింది. ఎడమవైపు ఆక్సిజన్లు మూడు, కుడివైపు రెండు. ముఖం చిట్లించింది.

"ఇది తూకంలో కొట్టడం మే. మూడు తీసుకోని రెండిస్తారా?"

"అదే కదా నువ్వు సరిచేయాల్సింది."

అక్క కుడివైపు ఆక్సిజన్ ముందు రెండు అని వేసింది. ఇప్పుడు అక్కడ నాలుగయ్యాయి. పెన్సిలు కింద పెట్టి, పని అయిపోయిందన్నట్టు వంకాయల మీద నీళ్ళు చల్లసాగింది.

"అక్కా, ఈ పక్క మూడు, ఆ పక్క నాలుగు. సరిపోలేదు."

"సరిపోయింది గదా. ఒగటి ఎక్కువే ఉండాది."

"ఎక్కువ ఉండకూడదు."

"యాల?" అక్క నిజంగానే ఆశ్చర్యపోయింది. "తీసుకునేకాడ ఎక్కువ తీసుకుంటే తప్పు. ఇచ్చేకాడ ఒగటి ఎక్కువిస్తే తప్పేముండాది? తక్కువిస్తే గదా దోషం."

ఆమె బాణం గుర్తును ఏమనుకుందో అప్పుడు నాకు వెలిగింది. ఎడమవైపు తీసుకునే చెయ్యి, కుడివైపు ఇచ్చే చెయ్యి. ఇచ్చేటప్పుడు కొసరు వేయకపోతే ఆమె చెయ్యి ఊరుకోదు. అనుమానం తీర్చుకుందామని హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి ఇచ్చాను. అది నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. సరిచేయకముందు కుడివైపు ఒక ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తుంది. అక్క చూసి, తల ఊపి, పుస్తకం నాకు తిరిగి ఇచ్చేసింది. "ఇది మంచి బేరం. దీనికి సేసేదేమీ లేదు" అనింది.

నాకు నవ్వు ఆగలేదు. అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళు చూస్తుంటే, కడుపు పట్టుకుని నవ్వాను. అలా నవ్వి ఎంత కాలమైందో అని ఆ నవ్వు మధ్యలోనే తోచింది, తోచగానే నవ్వు ఆగిపోయింది. అక్క నా ముఖంలోకి చూసింది. "ఏం మే, ఏమైంది?" అంది. ఏమీ కాలేదన్నాను.

ఆ రోజు నుంచి చాలా రోజులు పొటాషియం క్లోరేటుకు కొసరు పడుతూనే ఉంది. ద్రవ్యం కొత్తగా పుట్టదని చెప్పాను, నశించదని చెప్పాను. అక్క అన్నిటికీ సరే అనేది. చేతికి పెన్సిలు ఇస్తే కుడివైపు ఒకటి పెంచేది. నాకు కోపం వచ్చి అరిచేదాన్ని. "స్కూల్లో పిలకాయల మీద కూడా ఇట్లనే అరస్తావా? పాపం బిడ్డలు" అనేది నింపాదిగా.

చివరికి దారి దొరికింది మా అన్న మండీ గుర్తొచ్చి. చిన్నప్పుడు అన్నకు అన్నం తీసుకుని వెళ్తే, అక్కడ ఆడవాళ్ళు రైతు తెచ్చిన టమాటా బుట్టలు గుమ్మరించి ఏరుతూ ఉండేవాళ్ళు. పండ్లు ఒక కుప్ప, దోరవి ఒక కుప్ప, మెత్తబడినవి ఒక కుప్ప.

"అక్కా, ఒక బుట్ట గుమ్మరించి ఏరినావు. మూడు కుప్పలైనాయి. ఆ కుప్పలన్నీ కలిపితే బుట్టలో ఉన్నదానికంటే ఒక కాయ ఎక్కువొస్తుందా?"

"యాడొస్తాది?"

"తక్కువ?"

"ఎవరన్నా తింటే గదా తక్కువొచ్చేది."

"ఇదీ అంతే. ఈడ ఎవరూ ఎవరికీ ఏమీ అమ్మడం లేదు. ఏరుతాండారు. వేడి తగిలితే బుట్ట గుమ్మరించినట్టు."

అక్క మళ్ళీ ఆ సమీకరణం వైపు చూసి, "ఏరేకాడ కొసరు ఉండదు" అని తనలో తాను అనుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "ఈ మాట ముందే సెప్పొచ్చు గదా!" అని నన్నే తిట్టింది.

అప్పుడు ఆమె సరుకుతోనే పాఠం మొదలుపెట్టాం. పొటాషియం వంకాయ, క్లోరిన్ నిమ్మకాయ, ఆక్సిజన్ టమాటా. ఒక వంకాయ, ఒక నిమ్మకాయ, మూడు టమాటాలు కలిపితే ఒక బుట్ట. బుట్ట లోపల ఉన్నదాన్ని మార్చకూడదు, అది ఫార్ములాలో కింద ఉండే చిన్న అంకె. కావాలంటే ఇంకో బుట్ట తెచ్చుకోవచ్చు, అది ముందు వేసే పెద్ద అంకె. గుమ్మరించాక వంకాయ, నిమ్మకాయ ఒకదానితో ఒకటి పోతాయి. టమాటాలు మాత్రం రెండేసిగానే బయటికి పోవాలి.

"మూడో టమాటా?" అంది అక్క.

"అది ఒంటిగా పోకూడదు. ఆక్సిజన్ వాయువు ఎప్పుడూ జతగానే ఉంటుంది."

"గాలికి కూడా జత కావాల్నా!" అని అక్క పెద్దగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె నవ్వు కూడా ఎక్కువసేపు నిలవలేదు. మిగిలిన ఆ టమాటా ఒక్కటే ఇద్దరి మధ్యా ఉంది.

తర్వాత అక్కే ఇంకో బుట్ట పరిచింది. రెండు వంకాయలు, రెండు నిమ్మకాయలు, ఆరు టమాటాలు. జతలు కట్టుకుంటూ పోతే మూడు జతలు. ఏదీ మిగల్లేదు. ఎదురుగా పెట్టి మళ్ళీ లెక్కపెట్టుకుని, పెన్సిలు తీసి 2KClO₃ → 2KCl + 3O₂ అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. అంతలో బేరానికి వచ్చిన ఒకామె వంగి ఆ కుప్పలోంచి ఒక టమాటా తీసి నొక్కి చూసింది. అక్క గావుకేక పెట్టింది. "అమ్మా, దాన్ని ముట్టొద్దు, అది ఆక్సిజను!" ఆమె టమాటా అక్కడే పారేసి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయింది.

ఆ చలికాలమంతా అలా గడిచింది. పుంగనూరులో నేను సంతోషంగా ఉన్నది ఆ కొన్ని నెలలే. అక్క పాసు కావాలని నాకు ఎంత ఆశ ఉండేదో, మార్చి నెల రాకూడదని కూడా అంతే ఉండేది. ఆమె పాసైతే తన ఇంటికి వెళ్ళిపోతుంది, ఫెయిలైతే ఈ అరుగు మీద కుమిలిపోతుంది. రెండింట్లో నాకు మిగిలేదేమీ లేదు. అది తెలిసే, ఏ రోజు పాఠం ఆ రోజు చెబుతూ పోయాను.

పరీక్ష రోజు సెలవు పెట్టి సెంటరు బయట నిలబడ్డాను. గంట కొట్టాక పిల్లలంతా అరుచుకుంటూ బయటికి వచ్చారు. వాళ్ళ వెనక అక్క మెల్లగా వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పోయింది మే" అంది. "సున్నపురాయి ఇచ్చినారు. సున్నపురాయిని కాలిస్తే ఏమైతాదో రాసి తుల్యం సెయ్యమన్నారు. రాసినా. ఈ పక్క లెక్కపెట్టినా, ఆ పక్క లెక్కపెట్టినా. రెండు పక్కలా సరిగ్గా ఉండాయి. ఇంకేం సెయ్యాలనో తెలీలేదు. అందరూ రాస్తానే ఉండారు, నేను దాని ముందర కూసున్యా. ఆఖరికి అట్లనే ఇడిచిపెట్టి వచ్చేసినా."

"ఏ అంకే వేయలేదా?"

"లేదు. ఒగటి ఏద్దామని చెయ్యి పోయింది. ఏరేకాడ కొసరు ఉండదని మళ్ళా నిలబడిపోయినా."

నేను ఆమె రెండు భుజాలూ పట్టుకున్నాను. "అక్కా, అది అంతే. దానికి ఏమీ చేయనక్కర్లేదు. అది పుట్టినప్పటి నుంచీ సరిగ్గానే ఉంటుంది."

ఆమె నమ్మలేదు. "అట్ల కూడా ఉంటాయా?" అని ఇంటికి చేరేదాకా అడుగుతూనే వచ్చింది. ఏమీ చేయాల్సిన అవసరం లేని సమీకరణాలు కూడా ఉంటాయని నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. కష్టమైనవన్నీ చెప్పి, తేలికైనది వదిలేశాను.

ఫలితాలు పేపర్లో పడిన రోజు పొద్దున్నే బస్టాండుకు పోయి పేపరు కొన్నాను. అంత చిన్న అంకెల్లో ఆమె నెంబరు ఉంది. మొదటిసారి చూసినప్పుడు నా కళ్ళను నేను నమ్మలేదు. తిరిగి వస్తూ దారి పొడుగునా దాదాపు పరుగెత్తాను. అక్క అరుగు మీద బెండకాయలు పరుస్తోంది. నేను పేపరు చూపించగానే బెండకాయల మధ్యలోనే చతికిలబడి ఏడ్చింది. మరదలు లోపలి నుంచి బెల్లం తెచ్చి ఇద్దరి నోట్లోనూ పెట్టింది. ఆ క్షణంలో నాకు అచ్చమైన సంతోషం తప్ప ఇంకేమీ లేదు.

ఆ వర్షాకాలం మొదట్లో అక్క వెళ్ళిపోయింది. "నువ్వు రా మే. నా ఇంటికి రా. ఎన్నాళ్ళన్నా ఉండు" అని బస్సు కిటికీలోంచి అరిచింది. బస్సు మలుపు తిరిగాక నేను అరుగు దగ్గరికి తిరిగి వచ్చాను. అక్క తమ్ముడు దాన్ని కడిగించి, స్కూటరు పెట్టుకోవడానికి చదును చేయించడం మొదలుపెట్టాడు. నేను కూరగాయలకు మార్కెట్టుకు పోవడం నేర్చుకున్నాను. అక్కడ ఎంత అడిగితే అంతే తూచి ఇచ్చేవాళ్ళు, బొమ్మల పెళ్ళా అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

కొంతకాలానికి నాకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. రామకుప్పం వైపు ఒక ఊరి బడికి వేశారు. కుప్పంలో గది తీసుకుని రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. మా వీధిలో అందరూ ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు. నన్ను చూస్తే మర్యాదగా తెలుగులోకి మారి, రెండు మాటలు మాట్లాడి, నేను రెండడుగులు వేయగానే మళ్ళీ తమిళంలోకి వెళ్ళిపోయేవాళ్ళు. బడిలో పిల్లలు ఏనుగులు రాగి చేలు తొక్కిన రోజున సగం మంది వచ్చేవాళ్ళు కాదు. వచ్చినవాళ్ళు నిద్ర కళ్ళతో కూర్చునేవాళ్ళు. జీతం బాగుండేది, ఉద్యోగం గట్టిది. ఊరికి పోయినప్పుడు వదిన ఇప్పుడు ఇంకాస్త పెద్ద చుట్టాన్ని చూసినట్టు చూసేది. కుప్పంలో నేను ఉన్నన్నాళ్ళూ, తిన్నావా అని ఊరికే అడిగిన మనిషి లేడు.

పుంగనూరు గది ఖాళీ చేసేటప్పుడే అక్క మరదలు చెప్పింది, అక్కకు ఆ పోస్టు ఖాయమైందని. వెళ్ళి చూడాలని చాలాసార్లు అనుకున్నాను, ప్రతిసారీ ఏదో అడ్డం వచ్చింది. ఒక దసరా సెలవుల్లో ఇక ఉండబట్టలేక బయలుదేరాను. సంచిలో రెండు చీరలు, తువ్వాలు పెట్టుకున్నాను. మూడు రోజులు పాలు వద్దని పాలామెకు చెప్పాను. ఆ మూడు రోజులూ అక్కతో కూర్చుని ఏం మాట్లాడాలో బస్సులో అంతా అనుకుంటూనే వెళ్ళాను.

కేంద్రం ఊరి మొదట్లోనే ఉంది. లోపల పిల్లలు చాప మీద కూర్చుని ఉడికించిన శనగలు తింటున్నారు. అక్క నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది. ఇస్త్రీ చీర, జడలో పిన్నులు, చేతికి గడియారం. ముఖం నిండుగా, బాగుంది. ఆమె అంత బాగుండడం చూసి నేను గడప దగ్గరే ఆగిపోయాను.

"మేడమ్!" అంది అక్క.

ఆయాను కేకేసి కుర్చీ తెప్పించింది. కొంగుతో తుడిచి నన్ను కూర్చోబెట్టింది. "పిలకాయలూ, లేసి దండం పెట్టండి. నాకు సదువు సెప్పిన మేడమ్ ఈమే" అంది. పిల్లలు శనగల చేతులతోనే దండాలు పెట్టారు. "గవర్నమెంటు టీచరు, కుప్పంలో. నా మాదిరి మొద్దుకు కెమిస్ట్రీ ఎక్కించింది" అని ఆయాతో చెప్పింది. ఆయా కూడా దండం పెట్టింది. టీ వచ్చింది, పళ్ళెంలో బిస్కెట్లు వచ్చాయి. నేను టీ తాగుతున్నంతసేపూ అక్క పక్కన నిలబడే ఉంది.

"కూర్చో అక్కా."

"పర్లేదు మేడమ్."

ఆయా పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్ళాక అడిగాను. "మే అని పిలవవేం?"

అక్క నాలుక కరుచుకుంది. "అప్పుడేదో తెలీక అంటాంటి. నాకు బతుకు ఇచ్చిన మనిషివి... మీరు మనిషి కాదు, దేవుడి మాదిరి. ఇప్పుడు కూడా అట్ల పిలిస్తే కండ్లు పోతాయి మేడమ్."

ఆమె మాటలో ఒక్క పిసరు కపటం లేదు. నన్ను ఎంత ఎత్తున పెట్టుకుందో కళ్ళలో కనిపిస్తోంది. ఆ ఎత్తు నుంచి దిగి, నీ పక్కన చాప వేయి, మూడు రోజులు ఉంటాను అని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

"ఈ పక్క ఏమన్నా పనుండి వచ్చినారా మేడమ్?" అంది అక్క.

"అవును. పలమనేరులో చిన్న పని. మదనపల్లె నుంచి పోతూ, దారే కదా అని దిగాను" అన్నాను.

అక్క కంగారుపడింది. "అయ్యో, అయితే ఇప్పుడొచ్చే బస్సు ఇడిచిపెడితే మళ్ళా సాయంత్రం దాకా లేదు. మీ పని చెడిపోతాది." నా సంచి తనే అందుకుని రోడ్డు మీదికి పరుగులాంటి నడకతో బయలుదేరింది. "బరువుగా ఉండాదే. పుస్తకాలా మేడమ్?"

"అవును, పుస్తకాలే."

చెయ్యి అడ్డం పెట్టి బస్సు ఆపింది. ముందు సీట్లో కూర్చున్న ఒకాయనను, "లెయ్యప్పా, మేడమ్ కూసోవాల" అని లేపింది. సంచి నా ఒళ్ళో పెట్టి, దిగే ముందు నా పాదాలు తాకింది. నేను వద్దనేలోపే దిగిపోయింది. కింద నుంచి కండక్టరుకు గట్టిగా చెప్పింది, "మేడమ్‌కు పలమనేరులో పనుండాది. మరిచిపోకుండా దించప్పా!"

కండక్టరు మరిచిపోలేదు. పలమనేరు బస్టాండులో బస్సు ఆగగానే నా వైపు తిరిగి, "మేడమ్, మీరు దిగాల్సింది ఈడే" అన్నాడు. దిగాను. మూడు రోజులు రానని చెప్పి వచ్చిన కుప్పానికి బస్సు ఎక్కడ నిలబడుతుందో ఒకాయనను అడిగి, అక్కడికి వెళ్ళి నిలబడ్డాను.